పాత కారు అమ్మకం: సర్టిఫికెట్ ఒక సాక్ష్యం



నమాజు, రోజా, జకాతుల గురించి అడిగి తెలుసుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. అల్‌హందులిల్లాహ్, ఇది సంతోషించదగ్గ విషయం. కాని పాత కారు అమ్మే ముందు, పాత ఆటో కొనే ముందు షరీఅత్ ఏం చెబుతోందని అడిగేవారు చాలా తక్కువ. అమ్మకం అయిపోయి, మాటా మాటా పెరిగి, తగాదా మస్జిదు మెట్ల దాకా వచ్చిన తర్వాతే ఈ ప్రశ్న మా ముందుకు వస్తుంది. అమ్మినవారు కాగితాల కట్ట చూపిస్తారు. "హజ్రత్, ఫిట్‌నెస్ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. ఇంకా నా తప్పేముంది?" అంటారు. కొన్నవారు ఒకే మాట అంటారు: "బ్రేకులు సరిగా పడటం లేదని ఆయనకు ముందే తెలుసు. నాతో చెప్పలేదు."

కాగితం ఉన్నంత మాత్రాన అమ్మినవారి బాధ్యత తీరిపోయిందా? అసలు ఆ కాగితానికి ధర్మంలో ఉన్న విలువ ఏమిటి? ఈ నెల ఈ విషయాన్నే కొంచెం వివరంగా చూద్దాం.

బేరం కూడా ధర్మంలో భాగమే

దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ షుఐబ్ (అలై) వృత్తాంతాన్ని చదవండి. ఆయన తన జాతివారిని ఏకదైవారాధన వైపు పిలిచారు. ఆ పిలుపు వెంటనే, కొలతల్లో తూనికల్లో తగ్గించవద్దని, ప్రజలకు వారి వస్తువుల్లో నష్టం కలిగించవద్దని హెచ్చరించారు. అంటే అల్లాహ్ ముందు సాష్టాంగపడే మనిషి అంగట్లో నిలబడి మోసం చేయకూడదు. ఈ రెండూ ఒకే ధర్మానికి చెందిన ఆజ్ఞలు. ముతఫ్ఫిఫీన్ అనే ఒక సూరా ప్రారంభమే తూనికల్లో మోసం చేసేవారి వినాశనం గురించిన హెచ్చరికతో ఉంది.

హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అమ్మేవారు, కొనేవారు నిజం పలికి, ఉన్న విషయాన్ని స్పష్టంగా చెప్పుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందని దాని సారాంశం. గమనించండి, ఇక్కడ రెండు విషయాలున్నాయి. అబద్ధం ఆడకపోవటం ఒకటి, స్పష్టంగా చెప్పటం మరొకటి. "నేనేమీ అబద్ధం చెప్పలేదు" అనే మనిషి మొదటిది చేశాడు. రెండోది వదిలేశాడు.

ఒంటె పాదంలో రంధ్రం

ఆ రోజుల్లో కారు లేదు. కాని ప్రయాణ వాహనం ఉంది, దానికి లోపాలూ ఉన్నాయి, దాన్ని అమ్మేవారూ ఉన్నారు. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఇంటి దగ్గర అబూ సిబాఅ అనే ఆయన ఒక ఆడ ఒంటెను కొన్నారు. దాన్ని తోలుకుని వెళుతుంటే వాసిలా (రజి) వెనకాలే వచ్చి కలుసుకున్నారు. దీనిలో ఉన్న విషయం నీకు చెప్పారా అని అడిగారు. ఏముంది దీనిలో, చూడటానికి బలంగా, ఆరోగ్యంగా ఉంది కదా అన్నారు కొన్నాయన. దీన్ని ప్రయాణానికి కొన్నావా, మాంసానికి కొన్నావా అని వాసిలా (రజి) మళ్లీ అడిగారు. హజ్ యాత్రకు అని జవాబు వచ్చింది. అయితే దీని పాదంలో రంధ్రం ఉంది అని ఆయన తెలియజేశారు. అమ్మిన మనిషికి బాధ కలిగింది. నా బేరం ఎందుకు చెడగొడుతున్నావని అడిగాడు. అప్పుడు వాసిలా (రజి) దైవప్రవక్త (స) నోట తాను విన్న మాట చెప్పారు: వస్తువులో ఉన్న లోపం వివరించకుండా అమ్మటం ఎవరికీ ధర్మసమ్మతం కాదు, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవటం కూడా ధర్మసమ్మతం కాదు. ఇది ఇమామ్ అహ్మద్, ఇమామ్ హాకిమ్ నమోదు చేసిన హదీసు సారాంశం.

ఈ సంఘటనను మన కాలంలోకి తెచ్చి చూడండి. ఒంటె చూపులకు బాగానే ఉంది. పెయింటింగ్ చేయించి, సీట్ కవర్లు మార్చి, పాలిష్ పెట్టిన కారు కూడా అలాగే ఉంటుంది. వాసిలా (రజి) అడిగింది ధర గురించి కాదు, దాన్ని దేనికి వాడతావని. మాంసానికైతే పాదంలో రంధ్రం వల్ల నష్టం లేదు. ప్రయాణానికైతే మనిషి దారి మధ్యలో చిక్కుకుపోతాడు. అలాగే కారును స్క్రాపుకు కొనేవారికి అరిగిన బ్రేకులు పెద్ద విషయం కాదు. భార్యాపిల్లల్ని ఎక్కించుకుని కర్నూలు నుంచి హైదరాబాదుకు నడుపుకుని వెళ్లే మనిషికి అది ప్రాణాలతో కూడిన విషయం.

మరో ముఖ్యమైన సంగతి. వాసిలా (రజి) ఆ ఒంటె యజమాని కాదు, కొన్నవారూ కాదు. ఆయనకు లోపం తెలుసు, అంతే. ఆ తెలియటమే ఆయన మీద బాధ్యత అయింది. కాబట్టి ఈ హదీసు బండి యజమానికి మాత్రమే కాదు. షెడ్డులో మెకానిక్కుకు, మధ్యలో కమీషను తీసుకునే బ్రోకరుకు, తనిఖీ చేసి సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరుకు కూడా వర్తిస్తుంది.

సర్టిఫికెట్ అంటే షహాదత్

ఇప్పుడు ఆ కాగితం విషయానికి వద్దాం. వ్యవహారాన్ని రాసుకోవటం, సాక్షుల్ని పెట్టుకోవటం ఇస్లాంలో కొత్త విషయం కాదు. బఖరా సూరాలోని 282వ ఆయతు అప్పు పత్రం రాసుకోమని ఆదేశిస్తూనే, క్రయవిక్రయాలకు సాక్షుల్ని పెట్టుకోమని కూడా చెబుతోంది. హజ్రత్ అద్దా బిన్ ఖాలిద్ (రజి)కి, దైవప్రవక్త (స)కు మధ్య జరిగిన ఒక అమ్మకానికి పత్రం రాయబడిందని తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. ఆ పత్రంలో కొన్నవారు ఎవరు, అమ్మినవారు ఎవరు అనే వివరంతో పాటు, అమ్మినదానిలో వ్యాధి గాని, మోసం గాని లేదనే సంగతి కూడా రాయించారు. లోపం లేదని రాతపూర్వకంగా ఇవ్వటానికి ఇంతకన్నా మంచి ఆదర్శం మనకు ఎక్కడ దొరుకుతుంది?

నేడు మన దేశంలో చట్టం ఇలా ఉంది. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆటో, టాక్సీ, లారీ వంటి రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ తనిఖీ ఉంటుంది. 15 ఏళ్ల లోపు సొంత కారు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారేటప్పుడు భద్రతా తనిఖీ చేయించి తీరాలని చట్టం ప్రత్యేకంగా అడగదు. చట్టం అడగని ఈ చోటే విశ్వాసి దైవభీతి పరీక్షకు వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకు ఇది బాగా తెలుసు. యూఏఈలో కారు యాజమాన్యం బదిలీకి ముందు బండి తనిఖీలో పాసవ్వాలి. సౌదీలోనూ చెల్లుబాటయ్యే 'ఫహస్' ఉండాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లోనైతే, రిజిస్ట్రేషన్ ఉన్న పాత కారును అమ్మకానికి పెట్టిన క్షణం నుంచే సేఫ్టీ సర్టిఫికెట్ కనబడేలా ఉంచాలి. సొంతంగా అమ్ముకునేవారికి అది రెండు నెలలు లేక 2,000 కిలోమీటర్లు, ఏది ముందు పూర్తయితే అంతవరకే చెల్లుతుంది. అందులో టైర్లు, బ్రేకులు, స్టీరింగు, లైట్లు, అద్దాలు, తుప్పు వంటి భద్రతా విషయాలు చూస్తారు. ఇంజిను ఎన్నాళ్లు వస్తుందో, గేరు బాక్సు ఎంత అరిగిందో ఆ కాగితం చెప్పదు.

దీని వల్ల మనకు తెలిసేదేమిటి? తనిఖీ పత్రం అంటే ఒక నిపుణుడు ఒక రోజున, తాను చూసిన భాగాల గురించి ఇచ్చిన సాక్ష్యం. అది షహాదత్. దాని విలువ గొప్పదే. కాని అతను చూడనిది, యజమానికి తెలిసినది ఇంకా యజమాని దగ్గరే అమానతుగా ఉంటుంది. సర్టిఫికెట్ ఆ అమానతును దించదు.

ఇక అబద్ధపు సర్టిఫికెట్ సంగతి. బండిని చూడకుండానే సంతకం పెట్టేవారు, డబ్బిచ్చి ఆ సంతకం తెచ్చుకునేవారు ఇద్దరూ ఆలోచించాలి. మహాపాపాల గురించి చెబుతూ దైవప్రవక్త (స) ఆనుకుని కూర్చున్నవారు లేచి సరిగా కూర్చుని, అబద్ధపు సాక్ష్యం గురించి పదే పదే హెచ్చరించారు. సహాబాలు ఇక ఆయన ఆపితే బాగుండుననుకునేంతగా హెచ్చరించారు (బుఖారీ). లంచం ఇచ్చేవాణ్ణి, పుచ్చుకునేవాణ్ణి ఇద్దర్నీ ఆయన శపించినట్లు అబూ దావూద్, తిర్మిజీల్లో ఉంది. ఒక్క సంతకంలో ఈ రెండు పాపాలూ కలిసిపోతే, ఆ తర్వాత ఆ బండి కింద ఒక పసివాడు పడితే, ప్రళయదినాన ఆ సంతకానికి జవాబు చెప్పవలసినవారు ఎవరు?

పొదుగు కట్టిన మేక

అరబ్బుల్లో కొందరు మేకనో, ఒంటెనో అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పిండకుండా పొదుగు కట్టేసేవారు. సంతలో నిండుగా కనిపించిన పొదుగు చూసి కొనేవాడు ఎక్కువ పాలిచ్చే పశువనుకునేవాడు. దైవప్రవక్త (స) దీన్ని నిషేధించారు. అలా మోసపోయిన వారికి ఉంచుకునే, తిరిగి ఇచ్చే స్వేచ్ఛ ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). అమ్మినవాడు నోటితో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదన్నది గమనించండి. వస్తువు చేత అబద్ధం చెప్పించాడు.

నేటి పొదుగు కట్టటాలు ఎన్నో ఉన్నాయి. కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పటం. ఇంజిను పొగ, శబ్దం బయటపడకుండా చిక్కటి ఆయిల్ పోయటం. తనిఖీ రోజుకు మాత్రం మంచి టైర్లు బదులు తెచ్చి బిగించి, మర్నాడు అరిగినవి మళ్లీ వేయటం. యాక్సిడెంటులో వంగిన చాసిస్‌ను టింకరింగుతో సరిచేసి ఆ మాటే ఎత్తకపోవటం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. నీటిలో మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, లోపల అత్తరు చల్లితే పైకి ఏమీ తెలియదు. వైర్లలో, ఎలక్ట్రానిక్ భాగాల్లో, సీట్ల కింద ఇనుములో దాని ప్రభావం నెలల తర్వాత బయటపడవచ్చు. మునిగిందన్న సంగతి తెలిసీ చెప్పకుండా అమ్మటం పొదుగు కట్టి అమ్మటమే.

దైవప్రవక్త (స) అంగట్లో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మనందరికీ తెలిసిందే. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. వాన కురవటం అతని తప్పు కాదు. తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైన పెట్టకపోవటమే అతని తప్పయింది. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని దైవప్రవక్త (స) ప్రకటించారు (ముస్లిం). వరద రావటం మన తప్పు కాదు. దాన్ని దాచటం మన తప్పు.

కొందరి సందేహాలు

"చూసుకోవలసింది కొనేవారు కదా?" అంటారు కొందరు. నిజమే, కొనేవారు జాగ్రత్త పడాలి, మెకానిక్కును వెంట తెచ్చుకోవాలి. కాని ఆయన చూసుకోవటం మన నోటికి తాళం వేసుకునే అనుమతి కాదు. ఆయన గంటసేపు చూస్తారు. మనం ఏళ్ల తరబడి నడిపాం. వానలో ఏ బ్రేకు జారుతుందో, ఏ మలుపులో స్టీరింగు లాగుతుందో మనకే తెలుసు.

"ఎలా ఉందో అలా అమ్ముతున్నాను, తర్వాత నాకు సంబంధం లేదు అని ముందే చెప్పాను" అంటారు మరికొందరు. సౌదీ కార్ల వేలాల్లో కారును 'ఇనుప కుప్ప' అని ప్రకటించి అమ్మే ఆనవాయితీ ఉంది. దేనికీ బాధ్యత లేదని దాని అర్థం. అలాంటి షరతు తనకు తెలియని లోపాల విషయంలోనే అమ్మేవాడికి పనికొస్తుందని, తెలిసిన లోపాన్ని దాస్తే అతన్ని విడిపించదని షేఖ్ ఇబ్నె ఉసైమీన్ (రహ్మలై) వంటి ఉలమాలు వివరించారు. మన హనఫీ ఫిఖహ్‌లో అన్ని లోపాల నుంచి బాధ్యత తొలగించుకునే షరతుతో అమ్మకం చెల్లుతుంది, కొన్నవారు తర్వాత లోపం పేరుతో తిరిగి ఇవ్వలేరు. అయితే తెలిసిన లోపాన్ని దాచి మోసగించటం హరామ్ అన్న విషయంలో మన ఫుఖహాలకు కూడా సందేహం లేదు. పంచాయితీలో గెలవటం వేరు, పరలోకంలో బయటపడటం వేరు.

"కొనేవారు ముస్లిం కాదు కదా" అనే మాట కూడా ఒక్కోసారి వినబడుతుంది. ఇది చాలా బాధాకరమైన మాట. మోసం ఎవరితో చేసినా మోసమే. మన పొరుగున ఉన్న హిందూ సోదరుడు మన గడ్డం, మన టోపీ చూసి, 'తురకాయన అబద్ధం చెప్పడు' అనుకుని కొంటాడు. ఆ నమ్మకాన్ని అమ్ముకుంటే మనం కారుతో పాటు మన ధర్మం పేరును కూడా అమ్ముకున్నట్టే.

"లోపం చెబితే ధర తగ్గిపోతుంది" అన్నది అసలు భయం. అవును, కొంత తగ్గుతుంది. తగ్గేది మనది కాని డబ్బు. లోపం ఉన్న బండికి లోపం లేని బండి ధర పుచ్చుకుంటే, ఆ తేడా కొన్నవారి సొమ్ము. దాన్ని మన పిల్లలకు తినిపించవచ్చా?

లోపం తర్వాత బయటపడితే

వర్తకుల ఆనవాయితీలో వస్తువు ధరను తగ్గించేదేదైనా లోపమే అన్నది ఫిఖహ్ సూత్రం. కాబట్టి ఇది లోపమా కాదా అని తగాదా వస్తే నమ్మకస్తులైన మెకానిక్కుల్ని, కార్ల వర్తకుల్ని అడగాలి. కొనేటప్పుడు తెలియని, అమ్మినవారి దగ్గర ఉన్నప్పటి నుంచే ఉన్న లోపం బయటపడితే కొన్నవారికి 'ఖియారె ఐబ్' అనే హక్కు ఉంటుంది. పూర్తి ధరకు ఉంచుకోవచ్చు, లేదా తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఇద్దరూ ఇష్టపడి ధర తగ్గించుకుని రాజీపడితే అదీ మంచిదే.

కొన్నవారికి కూడా ఒక హెచ్చరిక. లోపం తెలిసిన తర్వాత కూడా బండిని సొంత పనులకు నడుపుకుంటూ ఉంటే దానికి ఒప్పుకున్నట్టే లెక్క. తిరిగి అప్పగించటానికి నడపటం అలా కాదు. వాహన పశువు గురించి ఫుఖహాలు రాసిన నియమం ఇది. కాబట్టి లోపం కనబడగానే తెలియజేయండి, బండి ఆపండి. రెండు నెలలు వాడుకుని తగాదాకు రావద్దు.

కొనేవారూ అమ్మేవారి అవసరాన్ని చూసి దోచుకోకూడదు. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేసినవారు. ఆయన కోసం 300 దిర్హములకు ఒక గుర్రం బేరమైంది. దాని విలువ అంతకన్నా ఎక్కువని గ్రహించి, తానే ధర పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారని తబ్రానీ ఉల్లేఖనంలో ఉంది. వీసా ముగిసి వారంలో ఇంటికి బయలుదేరే గల్ఫ్ సోదరుడి కారును సగం ధరకు లాక్కోవాలని చూసేవారు ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలి.

అమ్మే ముందు చేయవలసిన పనులు

1. అమ్మకానికి పెట్టే ముందు, మీకు వరసైన మెకానిక్కు దగ్గర కాకుండా, మొహమాటం లేని మరో నిపుణుడి దగ్గర బండి చూపించండి. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను, టైర్లు, లైట్లు, చాసిస్, ఇంజిను విడివిడిగా రాయించి తీసుకోండి. మంచీ చెడూ రెండూ ఉన్న ఆ కాగితాన్ని కొనేవారి చేతికివ్వండి.

2. ప్రాణాపాయం కలిగించే లోపాల్ని బాగు చేయించి అమ్మండి. బాగు చేయించే స్తోమత లేకపోతే ఆ విషయం స్పష్టంగా చెప్పి, రాసి, బండిని నడుపుకుని పోకుండా తీసుకువెళ్లే ఏర్పాటు గురించి మాట్లాడండి. తనకు గాని ఇతరులకు గాని హాని ఉండకూడదన్నది దైవప్రవక్త (స) నేర్పిన సూత్రం.

3. మీకు తెలిసిన లోపాలు, జరిగిన యాక్సిడెంట్లు, వరదలో మునిగిన సంగతి అమ్మకపు కాగితంలోనే రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. బయానా తీసుకునే ముందే ఈ పని చేయండి.

4. బండి మీద ఫైనాన్సు ఉంటే అది తాకట్టులో ఉన్న వస్తువు. ఫైనాన్సు ఇచ్చినవారి అనుమతి లేకుండా అమ్మవద్దు. ఎన్‌ఓసి, ఫారం 35 తెచ్చి ఆర్‌సిలో ఆ పేరు తీయించండి.

5. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలతో ఊరుకోవద్దు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయటం అమ్మినవారి బాధ్యత. 2014 తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వేర్వేరు రాష్ట్రాలు. కాబట్టి హైదరాబాదు కారు గుంటూరుకు పోతుంటే ఫారం 28తో ఎన్‌ఓసి తీసుకోవాలి. బండి ఎన్ని చేతులు మారినా, ఆర్‌సిలో ఎవరి పేరుందో వారే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అమ్మేశాను కదా అని నిద్రపోతే, చేయని ప్రమాదానికి కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది.

ఇంటివారికి ఒక మాట

ఈ బాధ్యత మగవారిది మాత్రమే కాదు. బండి అమ్మిన డబ్బు ఇంటికి వచ్చినప్పుడు "ఎంత వచ్చింది?" అని అడగటం సహజం. "ఏమేం చెప్పి అమ్మారు?" అని కూడా అడగండి. తల్లులారా, ఈ ఒక్క ప్రశ్న మీ పిల్లల కడుపులోకి పోయే అన్నాన్ని కాపాడుతుంది. దూర ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయి, ఆకాశం వైపు చేతులెత్తి వేడుకునే మనిషి తిండీ బట్టా హరామ్ అయినప్పుడు అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని దైవప్రవక్త (స) ప్రశ్నించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది.

ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మలై) గుడ్డల వర్తకులు. ఒకసారి తన భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ చేతికి సరుకు పంపిస్తూ, ఫలానా గుడ్డలో లోపం ఉంది, చెప్పి అమ్మమని ఆదేశించారు. ఆయన మరచిపోయి చెప్పకుండా అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన డబ్బు మొత్తాన్ని దానం చేసేశారు. ఒక గుడ్డ ముక్కలో లోపం వల్ల ఎవరి ప్రాణమూ పోదు. అయినా ఆయన అంత భయపడ్డారు. మనం అమ్మే వాహనంలో ఎవరి తండ్రో, ఎవరి బిడ్డో కూర్చుని ప్రయాణం చేస్తారు.

ఇది వరకే ఎవరైనా లోపం దాచి అమ్మి ఉంటే, తౌబా తలుపు ఇంకా తెరిచే ఉంది. కొన్నవారు తెలిసినవారైతే వెళ్లి చెప్పండి. ఆ లోపం ప్రాణాలకు సంబంధించినదైతే ఈ రోజే ఫోను చేయండి. ఆ తర్వాత ధరలోని తేడా తిరిగి ఇచ్చి క్షమాపణ అడగండి. కొన్నవారు దొరకకపోతే ఆ మేరకు వారి తరఫున సదఖా చేయండి. తోటి మనిషి హక్కు కేవలం ఇస్తిగ్ఫార్‌తో తీరదు, హక్కుదారుడికి చేరవేస్తేనే తీరుతుంది.

అల్లాహ్ మన నాలుకలకు నిజాన్ని, మన వ్యవహారాలకు స్వచ్ఛతను, మన సంపాదనకు బర్కత్‌ను ప్రసాదించుగాక! మన వల్ల ఏ ప్రయాణికుడికీ హాని కలగకుండా కాపాడుగాక! ఆమీన్.